పదిహేను రోజులు, పదిహేను ప్రాజెక్టులు

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచి వారం దాటింది. పుస్తకాలకు అట్టలు వేయడం, యూనిఫాంకు కొలతలు ఇవ్వడం వంటి హడావుడి కాస్త సద్దుమణిగింది కనుక, ఈ వేసవిలో మా పిల్లలిద్దరినీ పంపిన కోడింగ్, రోబోటిక్స్ శిబిరంలో నేను చూసినదీ, ఆలోచించినదీ మీ పత్రిక ద్వారా తోటి తల్లిదండ్రులకూ, ఇటువంటి శిబిరాలు నడిపేవారికీ, విద్యాశాఖకూ తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది విజయవాడ సత్యనారాయణపురం. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. అబ్బాయి ఏడు పూర్తిచేసి ఎనిమిదో తరగతిలోకి, అమ్మాయి అయిదు పూర్తిచేసి ఆరో తరగతిలోకి వచ్చారు. శిబిరం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క సంస్థ మీద ఫిర్యాదు చేయడానికి ఇంత ఉత్తరం అక్కరలేదు. పైగా పటమట నుంచి భవానీపురం దాకా తెలిసినవారిని వాకబు చేసినంత మేరకు మిగతా చోట్లా పద్ధతి ఇంచుమించు ఇదే.

మన రాష్ట్రంలో బడులకు సాధారణంగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, అంటే ఏడు వారాలు సెలవులు ఉంటాయి. తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఆ ఏడు వారాలు ఎలా గడుస్తాయో పడ్డవారికి చెప్పనక్కరలేదు. అమ్మమ్మగారి ఊళ్ళో పది రోజులు, ఆవకాయ పెట్టే హడావుడిలో రెండు రోజులు, ఎవరిదో ఒక పెళ్ళి అయ్యాక ఇంకా నెల మిగులుతుంది. పొద్దున్న తొమ్మిదింటికే నిప్పులు చెరిగే బెజవాడ ఎండలో పిల్లలను మైదానానికి పంపలేము, ఇంట్లో ఉంచితే ఫోను తప్ప వేరే లోకం ఉండదు. అందుచేత శిబిరానికి పంపడంలో చదువు మీది ఆశ సగమైతే, పది నుంచి పన్నెండు దాకా పిల్లలు నీడపట్టున, ఎవరో ఒకరి కళ్ళ ముందు ఉంటారన్న నిశ్చింత మిగతా సగం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. శిబిరాలవారికీ ఈ సంగతి బాగా తెలుసు కానీ, దానిని ఫ్లెక్సీల మీద రాయరు. 'మీ చిన్నారే రేపటి శాస్త్రవేత్త' అని రాస్తారు. మా వీధి మలుపులో కట్టిన ఫ్లెక్సీ నిరుటిదే. 'కోడింగ్' అన్న మాట మీద ఎర్ర స్టిక్కరు అంటించి 'ఏఐ' అని దిద్దారు. గాలికి స్టిక్కరు ఒక పక్క లేచిపోయి, కింద పాత మాట కనిపిస్తూ ఉండేది.

కరోనా కాలంలో పిల్లల కోడింగ్ ప్రకటనలు ఎంత శ్రుతి మించాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పట్టుమని పదిహేనేళ్ళు నిండని పిల్లవాడికి విదేశీ కంపెనీలో కోట్ల జీతమని చూపించిన ఆ ప్రచారంలో కొన్ని ప్రకటనలను, ప్రకటనల తీరును పరిశీలించే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ జోక్యం తరువాత, 2020లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇప్పుడు అంత మాట ఎవరూ అనడం లేదు కానీ, డెమో క్లాసులో మాకు వినిపించిన వాదన దానికి దగ్గరి చుట్టమే. 'కొత్త విద్యావిధానంలో కోడింగ్ తప్పనిసరి చేశారండి, ఇప్పుడు మొదలుపెట్టకపోతే మీ పాప వెనకబడిపోతుంది' అన్నారు. జాతీయ విద్యావిధానం 2020లో ఉన్నది మధ్యదశలో, అంటే ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, గణిత ఆలోచనా విధానంతో పాటు కోడింగ్‌కు సంబంధించిన కృత్యాలు ప్రవేశపెట్టాలని. ఒకటో తరగతి పిల్లకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పించాలనీ, వేసవిలో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవాలనీ అందులో ఎక్కడా లేదు.

ఇక డబ్బు సంగతి. అబ్బాయికి 6,500, అమ్మాయికి 3,500, వెరసి 10,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ అంటూ మరో 1,800. రోబోటిక్స్ కిట్టుకు విడిగా 2,800. మొత్తం 14,600 చెల్లించాక చేతికి వచ్చింది బిల్లు పుస్తకంలోంచి చింపిన ఒక పసుపు కాగితం. దాని మీద జీఎస్టీ అంకె ఉంది కానీ, ఉండవలసిన 15 అక్షరాల రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ప్రైవేటు కోచింగ్ మీద 18 శాతం పన్ను ఉన్న మాట నిజమే. అయితే ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు రాబడి ఉన్న సేవా సంస్థ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కరలేదు. రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి పన్ను పేరుతో పైసా కూడా వసూలు చేయరాదు. రోజంతా ఫైళ్ళ మధ్య బతికేదాన్ని కనుక అడిగాను. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి 'అకౌంట్స్ సార్ వచ్చాక నంబరు వాట్సాప్ చేస్తామండి' అంది. శిబిరం ముగిసింది కానీ, అకౌంట్స్ సార్ ఇంకా రాలేదు. 'లైసెన్సు సాఫ్ట్‌వేరు ఖర్చు ఫీజులోనే కలిపాం' అని కూడా గొప్పగా చెప్పారు. తీరా చూస్తే పిల్లలకు నేర్పిన స్క్రాచ్, పైథాన్, ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్లు మూడూ ఎవరైనా ఉచితంగా దించుకోగలిగినవే.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను ఈ ఉత్తరం రాయించింది మాత్రం గదిలో జరిగిన చదువు.

రెండో అంతస్తులో ఒకే గది, ఒకే మెట్లదారి. సూరత్‌లో 2019 మే 24న కోచింగ్ కేంద్రంలో మంటలు రేగి 22 మంది పిల్లలు చనిపోయినప్పటి నుంచి ఏ శిబిరానికి వెళ్ళినా ముందు మెట్లు చూసుకోవడం నాకు అలవాటైంది. గదిలో 24 మంది పిల్లలు, 8 కంప్యూటర్లు. రోజుకు రెండు గంటల లెక్కన పదిహేను రోజులకు ముప్పై గంటలు. ముగ్గురికి ఒక కంప్యూటరు కనుక మౌసు ఒక్కొక్క పిల్ల చేతికి వచ్చేది పది గంటలు. అది కూడా ముగ్గురూ న్యాయంగా పంచుకుంటే. మా అమ్మాయి పక్కన ఒక పద్నాలుగేళ్ళ అబ్బాయి కూర్చునేవాడట, కాబట్టి న్యాయం ఎంత జరిగిందో ఊహించుకోవచ్చు.

ఆమె బ్యాచ్‌లో నేర్పింది స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబులో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో విడుదల చేసిన ఈ సాధనంలో ఆదేశాలు టైపు చేసే పని లేదు. రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి అతికిస్తే తెర మీది పిల్లి నడుస్తుంది, గెంతుతుంది, మ్యావ్ అంటుంది. ఎనిమిది నుంచి పదహారేళ్ళ వయసువారిని దృష్టిలో పెట్టుకుని చేసిన చక్కటి వస్తువు. మా అమ్మాయి అయిదో రోజున పిల్లి మామిడిపళ్ళు పట్టుకునే ఆట ఒకటి పూర్తిచేసి, ఇంటికి రాగానే నా ఆఫీసు ల్యాప్‌టాప్ మీద తెరిచి చూపించింది. నిజంగానే ముచ్చటగా ఉంది. 'పళ్ళు మరీ నెమ్మదిగా పడుతున్నాయమ్మా' అని తనే అంది. 'అయితే వేగం పెంచు' అన్నాను. 'అది సార్ చెప్పలేదు' అంది.

నోటుపుస్తకం తెరిచి చూస్తే, బోర్డు మీద రాసినదంతా వరుస తప్పకుండా ఎక్కించుకుంది. 'చేంజ్ వై బై మైనస్ 5' అన్నచోట, అంటే పండును ప్రతిసారీ అయిదు మెట్లు కిందికి దించే ఆదేశంలో, మైనస్ చుట్టూ రెండు సున్నాలు చుట్టించారు, మరిచిపోకూడదని. ఆ మైనస్ ఏమిటో ఆమెకు తెలియదు. రుణ సంఖ్యలు బడిలో ఆరో తరగతి లెక్కల్లో గానీ రావు. స్క్రాచ్ తెరకు నట్టనడుమ సున్నా ఉంటుంది, అక్కడి నుంచి పైకి 180 దాకా, కిందికి మైనస్ 180 దాకా అంకెలు పోతాయి. ఈ ఒక్క సంగతి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. మా లిఫ్టులో గ్రౌండు ఫ్లోరు సున్నా అనుకుంటే స్కూటర్లు పెట్టే సెల్లారు మైనస్ ఒకటి అని చెప్పాను, అంతే. అప్పుడు ఆడుకోవడానికి వచ్చిన మా వాచ్‌మన్ గారి అమ్మాయి, మునిసిపల్ బడిలో ఏడు చదువుతున్న పిల్ల, 'మైనస్ తీసేసి చూడవే' అంది. పళ్ళన్నీ పైకి ఎగిరి తెర అంచుకు అతుక్కుపోయాయి. ఇద్దరూ పడీపడీ నవ్వారు. తరువాత 5 తీసి 10, 10 తీసి 50 పెట్టారు. 50 పెడితే పండు కంటికి ఆనకుండానే కిందపడుతోందని 12 దగ్గర ఆగారు. ఈ 12 ఆ నోటుపుస్తకంలో ఎక్కడా లేదు. పదిహేను రోజుల్లో మా అమ్మాయి కోడింగ్ నేర్చుకున్నది ఏదైనా ఉంటే, శిబిరం బయట గడిచిన ఆ అరగంటే.

అబ్బాయిది ఇంకొక కథ. ఎదురుగా గోడ వస్తే పక్కకు తిరిగిపోయే చిన్న కారు చేయించారు. కారుకు మెదడులా పనిచేసే ఆర్డ్యునో బోర్డు, దూరం కొలిచే సెన్సరు, రెండు మోటార్లు, ఒక తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ. ముగింపు రోజున మా కళ్ళ ముందు బల్ల మీద బ్రహ్మాండంగా తిరిగింది, అందరం చప్పట్లు కొట్టాం, వీడియోలు తీసుకున్నాం. ఇంటికి తెచ్చి హాల్లో పెడితే అడుగు కదిలి ఆగుతుంది, లైటు ఒకసారి ఆరి వెలుగుతుంది, మళ్ళీ అడుగు కదులుతుంది. శిబిరానికి ఫోను చేస్తే 'కొత్త బ్యాటరీ వేయండి మేడమ్' అన్నారు. రెండు కొత్త బ్యాటరీలు కొన్నాం. ఒక్కొక్కటి ఒక పూట బతికింది. పిల్లవాడు మూడో రోజున దాన్ని అట్టపెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశాడు. 'నాకు రాదులే' అన్నాడు. పద్నాలుగు వేల ఆరు వందల కంటే ఆ మాటకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ పని చేసే మా తమ్ముడు ఆదివారం భోజనానికి వచ్చి ఆ పెట్టె బయటకు తీశాడు. మీటరు పెట్టి, మోటారు తిరగబోయే క్షణంలో ముల్లు ఎలా పడిపోతోందో మేనల్లుడికి చూపించాడు. 'ఒరేయ్, సెల్ఫ్ కొట్టినప్పుడు కారు హెడ్‌లైటు మసకబారడం చూశావా? ఇదీ అంతే. ఈ బుడ్డి బ్యాటరీకి అంత కరెంటు ఇచ్చే దమ్ము లేదు. మోటారు లాగేసరికి నీ బోర్డుకు తిండి చాలక పడుకుని మళ్ళీ లేస్తోంది' అన్నాడు. ఆరు పెన్సిల్ సెల్లులు వరసగా కలిపి పెట్టించాడు. అవీ తొమ్మిది వోల్టులే. కారు హాలంతా తిరిగి సోఫా కిందికి పోయింది. తొమ్మిదీ తొమ్మిదీ ఒకటే అయినప్పుడు తేడా ఎందుకు వచ్చిందని అబ్బాయి ఆ సాయంత్రమంతా మామయ్యను వదలలేదు. వెళుతూ మా తమ్ముడు, 'అక్కా, వీడికి బిగించడం నేర్పారు కానీ, ఆగిపోతే ఎక్కడ చూడాలో చెప్పలేదే' అన్నాడు. నేను ఇన్ని పేజీల్లో చెబుతున్నది అతను ఆ ఒక్క ముక్కలో చెప్పాడు.

పాఠం చెప్పిన కుర్రవాడిని నేను తప్పుపట్టను. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న పిల్లవాడు, మర్యాదస్థుడు, ఓపిక ఉన్నవాడు. పన్నెండో రోజున ఈ మాటే కదిపితే, 'పదిహేను రోజుల్లో పదిహేను ప్రాజెక్టులు అవ్వాలని మాకు లిస్టు ఇచ్చారు మేడమ్. ఒకరిది పని చేయకపోతే నేనే సరిచేసి ఇచ్చేస్తాను, లేకపోతే రేపటి ప్రాజెక్టు ఆగిపోతుంది' అన్నాడు. అసలు లోపం ఇదే. రోజుకొక ప్రాజెక్టు అంటే రోజుకొక వంటకం పళ్ళెంలో పెట్టి చూపించడం. ఉప్పు ఎక్కువైతే ఏం చేయాలో, పొయ్యి మీద మాడుతుంటే ఎలా తెలుస్తుందో ఆ లిస్టులో పట్టవు. 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోర్జీగ్ పిల్లల కోసం లోగో అనే కంప్యూటరు భాషను రూపొందించారు. తరువాత అందులో చేరిన, ఆదేశాల ప్రకారం నడిచే తాబేలు బొమ్మ తప్పు దారిన పోతే ఎందుకు పోయిందో పిల్ల తనంతట తాను వెతికి దిద్దుకోవడాన్నే చదువు అనుకున్నారు. స్క్రాచ్ ఆ వంశంలోదే. ఆ వెతుకులాటను మాస్టారే చేసిపెట్టేస్తే పిల్లకు మిగిలేది చూచిరాత. చూచిరాతకు కంప్యూటరెందుకు?

ఇందులో మా వంటి తల్లిదండ్రుల వాటా కూడా ఉంది. పదిహేను ప్రాజెక్టులు అని ఒకచోట, అయిదు అని ఇంకొకచోట రాసి ఉంటే మనం ఎక్కడ చేర్పిస్తామో శిబిరాలవారికి తెలుసు. ముగింపు రోజున 'మా వాడిది తిరగలేదు కానీ, ఎందుకు తిరగలేదో చెప్పగలడు' అంటే ఎంతమందిమి చప్పట్లు కొడతాం? నేనూ కొట్టి ఉండేదాన్ని కాదేమో. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని పిల్లలను కూర్చోబెట్టే ఊళ్ళో ఉండి, వేసవి శిబిరంలోనైనా తప్పులు చేయనిచ్చే తీరిక ఉండాలని కోరుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. నా లెక్కలో తీరిక దొరికేది ఆ నెలలోనే.

మే చివరి వారంలో రెండో విడత బ్యాచ్‌ల కరపత్రం దినపత్రిక మడతలో వచ్చింది. అది వేరే సంస్థ. కుతూహలం కొద్దీ ఫోను చేసి, 'ఆఖరి రోజున మా పిల్లలు చేసిన ఆటలో ఒక అంకె మార్చమని మేము అడగవచ్చా? మా ముందే మారుస్తారా?' అని అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత, 'ఆ ఆప్షను అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంటుందండి, దానికి వెయ్యి రూపాయలు ఎక్కువ' అన్నారు.

వచ్చే వేసవికి పంపబోయే తల్లిదండ్రులు డబ్బు కట్టే ముందు ఇదే ప్రశ్న అడగాలని నా మనవి. కంప్యూటరుకు ఎంతమందో, బ్యాచ్‌లో పెద్ద చిన్నల వయసు తేడా ఎంతో, ఇంటికి తెచ్చిన వస్తువు ఆగిపోతే ఎవరు చూస్తారో కూడా అడగండి. రసీదు మీద పన్ను ఉంటే నంబరు చూడండి. మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మా శిబిరంలో పిల్లల ఫొటోలు, పేరు, బడి, తరగతి సహా ముగింపు రోజు సాయంత్రానికే ఇన్‌స్టాగ్రామ్‌కు ఎక్కాయి, మమ్మల్ని ఒక్క మాట అడగకుండానే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలను వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. టెక్నాలజీ నేర్పేవారికి ఈ మాట మేము చెప్పవలసి రావడమే విడ్డూరం.

విద్యాశాఖకు కూడా ఒక మనవి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు స్థలం, కట్టిన డబ్బుకు రసీదు, మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వడం వంటివి ఉన్నాయి. అవి పెద్ద ప్రవేశ పరీక్షల కోచింగును దృష్టిలో పెట్టుకుని రాసినవి, పదహారేళ్ళ లోపు వారిని చేర్చుకోరాదన్న నిబంధన వేసవి శిబిరానికి పొసగదు. అయినా స్థలం, రసీదు, వాపసు, అగ్నిప్రమాద జాగ్రత్త అన్న నాలుగింటినీ వేసవి శిబిరాలకూ వర్తింపజేస్తూ ఏప్రిల్‌లోపు జిల్లా స్థాయిలో ఒక పేజీ ఉత్తర్వు ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు.

డబ్బు కట్టలేని పిల్లల మాట ఎవరూ ఎత్తడం లేదు. మైనస్ తీసేసి చూడమన్న వాచ్‌మన్ గారి అమ్మాయి ఏ శిబిరానికీ వెళ్ళలేదు, వెళ్ళే స్తోమతా లేదు. నీతి ఆయోగ్ కింది అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016 నుంచి దేశంలో పదివేల బడుల్లో, పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేసి చూసే టింకరింగ్ ల్యాబులు నెలకొల్పింది. ఒక్కొక్క దానికి 20 లక్షల రూపాయల దాకా సాయం, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఉద్దేశించినవి. మరో అయిదేళ్ళలో ప్రభుత్వ బడుల్లోనే 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఆర్డ్యునో బోర్డులు, సెన్సర్లు, త్రీడీ ప్రింటరు అన్నీ ఉండే ఇటువంటి ల్యాబు నాకు తెలిసిన ఒక బడిలో ఉంది. ఏప్రిల్ 23 సాయంత్రం దానికి తాళం పడుతుంది, మళ్ళీ జూన్ 12న తీస్తారు. పిల్లలకు తీరిక ఉండే ఏడు వారాలూ వస్తువులకు విశ్రాంతి. మన గ్రంథాలయాల్లో వేసవిలో పిల్లలకు కథలు చదివించడం, చెప్పించడం ఏటా జరుగుతూనే ఉంది. బందరు రోడ్డులోని ఠాగూర్ గ్రంథాలయం వంటి చోట అదే శిబిరంలో పది పాత ల్యాప్‌టాప్‌లు పెట్టి, ఇంటర్నెట్ లేకపోయినా నడిచే స్క్రాచ్ వేసి, రోజుకు గంటసేపు తెలుగులో చెప్పిస్తే అయ్యే ఖర్చు ఎంత? చెప్పడానికి ఈ ఊరి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కళాశాలల పిల్లలే చాలు. పదిహేను ప్రాజెక్టుల లిస్టు మాత్రం వారి చేతికి ఇవ్వవద్దు.

అటువంటి ల్యాబులు ఉన్న బడులు విజయవాడ, గుంటూరు నగరాల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో, వచ్చే సెలవుల్లో వారానికి మూడు రోజులైనా వాటి తలుపులు తెరిచే వీలుందో లేదో జిల్లా విద్యాశాఖాధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేస్తే, రెండు పూటలు సెలవు పెట్టి అక్కడ పిల్లల హాజరు పట్టీ రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. బ్యాటరీల సంగతి చూడటానికి మా తమ్ముడు ఆదివారాలు వస్తానన్నాడు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
సత్యనారాయణపురం, విజయవాడ.